గోవా సాయిబు పండక్కి రెండు సర్కార్ల బిళ్ళలు
తీరం, తెరచాప, తపాలా: తొమ్మిదో భాగం

పోయిన భాగంలో కథను హజీరా దగ్గర ఆపాం. ఇవాళ ఉక్కు ఫ్యాక్టరీ, ఎరువుల ఫ్యాక్టరీ, గ్యాస్ దిగే రేవు కనిపించే ఆ ఒడ్డునే, సూరత్ జనం సెలవురోజు సరదాగా వెళ్ళొచ్చే సువాలి తీరంలో, 1612 నవంబరు చివర్లో థామస్ బెస్ట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ రెండు ఓడలతో పోర్చుగీసు నావికాదళానికి ఎదురు నిలిచాడు. మరుసటి ఏడాది పోర్చుగీసులు మరో తెలివితక్కువ పని చేశారు. జహంగీరు తల్లి మరియం ఉజ్ జమానీ ఓడ రహీమీని పట్టుకుని, మొఘలు దర్బారును కోరి శత్రువును చేసుకున్నారు. ఆ తప్పు దిద్దుకుందామని 1615 జనవరిలో గోవా వైస్రాయి జెరోనిమో డి అజెవెడో తానే పెద్ద దళంతో సువాలికి వచ్చాడు. నికొలస్ డౌంటన్ అనే ఇంగ్లీషు కెప్టెన్ తాలూకు నాలుగు ఓడలను కదపలేక, తగలబెట్టి వదిలిన పడవలు కూడా గురి తప్పిపోయి, ఉత్త చేతులతో వెనక్కి మళ్ళాడు. సూరత్ వ్యాపారుల కళ్ళెదుట పోర్చుగీసుల పరువు ఆ రోజు నీట మునిగింది.

అదే శీతకాలంలో గోవాలో ఇంకో సంగతి జరిగింది. 1614 నవంబరులో జెసూట్ గురువులు ఒక పేటిక తెరిచి, అరవై రెండేళ్ళ క్రితం చనిపోయిన మనిషి కుడి ముంజేతిని వేరు చేసి రోముకు పంపారు. ఆ మనిషి ఫ్రాన్సిస్ జేవియర్. సముద్రం మీద పోర్చుగీసుల పట్టు జారుతున్న రోజుల్లోనే గోవాలో ఆయన పేరు బలపడుతూ వచ్చింది. ఫిరంగులతో చేయలేని పని ఆయన పండుగ చేస్తుందని లిస్బన్ నమ్మిన కాలం కూడా వచ్చింది. ఆ నమ్మకం చివరికి తపాలా బిళ్ళ మీదికి ఎక్కింది. తర్వాత అదే పండుగను ఢిల్లీ కూడా తన బిళ్ళ మీద వేసింది. ఈ భాగం ఆ రెండు బిళ్ళల మధ్య నడిచిన కథ.

ముందు మనిషి సంగతి. జేవియర్ పోర్చుగీసువాడు కాడు. 1506లో నవార్ రాజ్యంలో, ఇప్పటి స్పెయిన్‌లో, ఒక కోటలో పుట్టాడు. పారిస్‌లో చదువుకునేటప్పుడు ఇగ్నేషియస్ లొయోలాతో స్నేహం కుదిరి, జెసూట్ సభ మొదటి సభ్యుల్లో ఒకడయ్యాడు. 1542 మే 6న గోవాలో దిగాడు. అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. తమిళ తీరంలో ముత్యాలు తీసే పరవల పల్లెలు, మలక్కా, మొలుక్కా దీవులు, జపాను అంటూ తిరుగుతూనే ఉన్నాడు. చైనాలో అడుగుపెట్టాలన్న కోరిక తీరకుండానే 1552 డిసెంబరు 3న చైనా తీరం ఎదుట ఒక దీవిలో జ్వరంతో కన్నుమూశాడు.

ఆయనను తలచుకునేటప్పుడు గోవాలో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. గోవాకు ఇన్‌క్విజిషన్ కావాలని 1546లో పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాసింది ఈయనే. అది 1560లో, ఆయన పోయాక, వచ్చింది. 1812 దాకా ఉంది. మతం మార్చుకున్నవాళ్ళు పాత అలవాట్లు మానారా లేదా అని వెంటపడి విచారించి శిక్షించిన ఆ న్యాయస్థానాన్ని గోవా మరిచిపోలేదు. రోగుల పక్కన కూర్చుని సేవ చేసిందీ ఆయనే, ఆ ఉత్తరం రాసిందీ ఆయనే. పండుగ వ్యాసాల్లో మొదటిదే రాస్తారు, వాదాల్లో రెండోదే ఎత్తుతారు. రెండూ కలిపి చూడకపోతే, ఈయన కోసం రెండు ప్రభుత్వాలు ఎందుకంత జాగ్రత్తపడ్డాయో అర్థం కాదు.

దీవిలో పూడ్చిన శవాన్ని కొన్ని నెలల తర్వాత తవ్వితే చెడిపోలేదన్నారు. మలక్కాకు తెచ్చారు. అక్కడి నుంచి 1554 మార్చిలో గోవాకు తెచ్చారు. ఊరు ఊరంతా రేవుకు వెళ్ళింది. 1622లో రోము ఆయనను పునీతుడిగా ప్రకటించింది. 1637లో గోవా కంసాలులు వెండి పేటిక చేశారు. ఫ్లారెన్సు నుంచి టస్కనీ ప్రభువు పంపిన పాలరాతి సమాధి పీఠం 1698లో బామ్ జీసస్ చర్చిలో నిలిచింది. ఇప్పటికీ పేటిక ఆ పీఠం మీదే ఉంది.

1683లో జరిగింది సూరత్‌కు కూడా కాస్త చుట్టరికమున్న కథ. శంభాజీ సేనలు గోవా గుమ్మం దాకా వచ్చాయి. ఒక దీవి కోట చేజారింది. వైస్రాయి ఆల్వోర్ కౌంట్ ఎదురుదాడికి వెళ్ళి దెబ్బతిని వచ్చాడు. పోర్చుగీసు కథనాల ప్రకారం ఆయన అర్ధరాత్రి బామ్ జీసస్‌కు వెళ్ళి, పేటిక తెరిపించి, తన అధికార దండాన్ని జేవియర్ చేతి దగ్గర పెట్టి, ఈ రాజ్యం ఇక నీదేనని మొరపెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు మరాఠాలు వెనక్కి మళ్ళారు. భక్తులు దాన్ని మహిమ అన్నారు. అసలు కారణం ఉత్తరం నుంచి దిగిన మొఘలు సేన. ఔరంగజేబు కొడుకు షా ఆలం పెద్ద దండుతో వస్తున్నాడని తెలిసి శంభాజీ తన వెనుక చూసుకోవాల్సి వచ్చింది. ఆ దండుకు తిండిగింజలు మోసే ఓడలు బయల్దేరింది సూరత్ రేవు నుంచే! మొత్తానికి ఆ రాత్రి నుంచి గోవా పాలకులకు, పునీతుడికి మధ్య ఒక బంధం ఏర్పడింది. కొత్త వైస్రాయి పదవి చేపట్టేటప్పుడు ఆ పేటిక దగ్గరే దండం అందుకోవడం ఆనవాయితీ అయింది.

జనానికి ఆయన పాలకుల మనిషి కాదు. గొయంచో సాయిబ్ అన్నారు. గోవా సాయిబు గారన్నమాట. డిసెంబరు 3న ఆయన పండుగ. దానికి ముందు తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు. హిందువులూ వస్తారు, మొక్కుకుంటారు. చెయ్యి నొప్పికి మైనపు చెయ్యి, కాలి జబ్బుకు మైనపు కాలు, సంతానం లేనివాళ్ళు మైనపు బొమ్మ కొని సమర్పిస్తారు. బయట తిరునాళ్ళలో బెల్లం పాకంలో తిప్పిన కడియో బొడియో, అల్లం వాసనేసే ఖాజేలు పొట్లాలు కడుతుంటారు. మన గుణదల మేరీమాత ఉత్సవాలకు ఫిబ్రవరిలో వెళ్ళినవారికి ఆ సందడి కొత్తగా అనిపించదు. మన కథోలిక ఇళ్ళల్లో శౌరయ్య, శౌరమ్మ, శౌరిరాజు అన్న పేర్లు కూడా ఈ జేవియర్‌వే.

ఏటా వచ్చే పండుగ వేరు, కొన్నేళ్ళకోసారి భౌతికకాయాన్ని బయటికి తెచ్చే దర్శన ఉత్సవం వేరు. ఈ రెండోదే మన బిళ్ళల కథకు మూలం. దాని పుట్టుక భక్తిలోంచి కాదు, అనుమానంలోంచి. 1759లో పోర్చుగల్ మంత్రి పొంబల్ జెసూట్లను రాజ్యంలోంచి వెళ్ళగొట్టాడు. గోవాలోనూ వాళ్ళ ఆస్తులు జప్తయ్యాయి. పోతూ పోతూ వాళ్ళు అసలు శరీరాన్ని పట్టుకుపోయి ఇంకెవరినో పెట్టారని పుకారు లేచింది. రాజాజ్ఞ లేకుండా పేటిక తెరవడానికి వీల్లేదు గనక పుకారు ఏళ్ళ తరబడి బతికింది. చివరికి 1782 ఫిబ్రవరిలో మూడు రోజులు అందరికీ చూపించారు. అదే మొదటి బహిరంగ దర్శనం.

అప్పటికే పాత గోవా శిథిలమైపోతోంది. కలరా, మలేరియా ఊరిని తినేశాయి. వైస్రాయిలు పంజిం వైపు తరలిపోయారు. 1843లో పంజిం అధికారికంగా రాజధాని అయింది. ఒకప్పుడు లిస్బన్‌తో పోటీపడ్డ నగరంలో చర్చీలు, కొబ్బరిచెట్లు, కొందరు గురువులు మిగిలారు. అలాంటి చోటికి 1859లో మళ్ళీ పేటిక తెరిస్తే లక్షల్లో జనం వచ్చారు. తర్వాత 1878, 1890, 1900, 1910, 1922. మాండవి నదిలో పడవలు బారులు తీరేవి. పేటికను బామ్ జీసస్ నుంచి రోడ్డవతల ఉన్న సే కథెడ్రల్‌కు ఊరేగింపుగా మోసేవారు. రైలు పడ్డాక దారి ఇంకా సులువైంది. మన గుంతకల్లు నుంచి హుబ్లీ, లోండా మీదుగా మార్మగోవాకు మీటరుగేజీ లైను వెళ్ళేది. కాసిల్ రాక్ దగ్గర బ్రిటిష్ ఇండియా అయిపోయేది. అక్కడ సుంకం అధికారులు మూటలు విప్పించేవారు. ఆ తర్వాత ఘాట్లు దిగుతూ దూధ్‌సాగర్ జలపాతం పక్క నుంచి రైలు పరాయి రాజ్యంలోకి జారేది.

ఉత్తరాలకూ అదే సరిహద్దు. పోర్చుగీసు ఇండియా సొంత బిళ్ళలు 1871లో మొదలయ్యాయి. తొలినాళ్ళలో గోవా నుంచి బొంబాయికి ఉత్తరం రాస్తే గోవా బిళ్ళతో పాటు బ్రిటిష్ ఇండియా బిళ్ళ కూడా అంటించాల్సి వచ్చేది. ఒకే కవరు మీద రెండు సర్కార్ల బిళ్ళలు పక్కపక్కనే కూర్చునేవి. లెక్కలు కూడా చిత్రంగా ఉండేవి: పన్నెండు రెయిస్‌లు ఒక టంగా, పదహారు టంగాలు ఒక రూపియా. పేరు పోర్చుగీసు, లెక్క మన అణాలదే.

1931లో మళ్ళీ దర్శన ఉత్సవం వచ్చింది. పోర్చుగల్‌లో అప్పుడు సైనిక నియంతృత్వం నడుస్తోంది. ఖజానా పగ్గాలు సలాజార్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడి చేతిలో ఉన్నాయి. మరుసటి ఏడాదే అతడు ప్రధాని అయి, దాదాపు నాలుగు దశాబ్దాలు కుర్చీ వదల్లేదు. వలసలను కలిగి ఉండటం పోర్చుగీసు జాతి ధర్మమని చెప్పే చట్టాన్ని 1930లోనే తెచ్చారు. ఆ మాట చెప్పడానికి సైన్యం కంటే పునీతుడు చౌక. ఆ ఉత్సవం కోసం పోర్చుగీసు ఇండియా ఆరు బిళ్ళలు వేసింది. అంతకుముందు 1898లో వాస్కో డ గామా రాకకు నాలుగు వందల ఏళ్ళు నిండాయని గోవాతో సహా వలసలన్నిటికీ స్మారక బిళ్ళలు వేశారు. ఆ వరుసలో ఇప్పుడు నావికుడి చోటికి గురువు వచ్చాడు. సువాలిలో ఓడలు ఓడిపోయిన రాజ్యం, ఓడ బొమ్మ పక్కన పెట్టి సమాధి బొమ్మ ఎత్తుకుంది.

1946 వచ్చేసరికి బిళ్ళల మీద పెద్దమనుషుల వరుస మొదలైంది. గామా, అల్బుకర్క్‌ల సరసన జేవియర్. ఆ ఏడాది జూన్ 18నే మడ్గావ్‌లో రామ్‌మనోహర్ లోహియా సభ పెట్టి పౌరహక్కుల పోరాటానికి నిప్పు రాజేశాడు. 1950 ఫిబ్రవరిలో ఢిల్లీ గోవా గురించి మాట్లాడుకుందామంది. లిస్బన్ మాట్లాడ్డానికేమీ లేదంది. 1951లో వలస అన్న మాట తీసేసి సముద్రాంతర రాష్ట్రం అని పేరు మార్చుకుంది. అదే ఏడాది గోవాలో పుట్టి సింహళంలో సేవ చేసిన జోసెఫ్ వాజ్ గురువు బిళ్ళలు వేసింది. 1952లో జేవియర్ మరణించి నాలుగు వందల ఏళ్ళు. మళ్ళీ బిళ్ళలు, పెద్ద ఎత్తున దర్శన ఉత్సవం. గోవా అంటే తూర్పు దేశపు రోమ్ అనీ, ఇక్కడి క్రైస్తవానికి కాపలా తామేననీ ప్రపంచానికి చెప్పుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

ఆ వాదాన్ని పడగొట్టడానికి నెహ్రూ రోము దాకా వెళ్ళాడు. 1955 జూలైలో పోప్ పన్నెండో పయస్‌ను కలిశాడు. గోవా వ్యవహారం రాజకీయమే కానీ మతపరమైనది కాదని పోప్ ఒప్పుకున్నారని బయటికొచ్చి చెప్పాడు. సలాజార్‌కు అది చెంపపెట్టు. అప్పటికే రోము కూడా కదిలింది. భారతీయ మేత్రాసనాల్లో బిషప్పుల నియామకంలో పోర్చుగల్‌కున్న పాత హక్కు 1950లోనే పోయింది. 1953లో గోవా మూలాలున్న బొంబాయి ఆర్చిబిషప్ వలేరియన్ గ్రేసియస్ తొలి భారతీయ కార్డినల్ అయ్యాడు. అయినా 1955 ఆగస్టు 15న గోవా సరిహద్దు దాటిన నిరాయుధ సత్యాగ్రహుల మీద తూటాలు పేలాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. సరిహద్దు మూతపడింది, రైలు ఆగింది. బొంబాయిలో వంటలు చేస్తూ, బ్యాండు వాయిస్తూ, ఓడల్లో పనిచేస్తూ ఇంటికి డబ్బు పంపే గోవా వాళ్ళకు నెలనెలా పంపే డబ్బుకూ, ఏటా పండక్కి ఊరెళ్ళడానికీ అడ్డంకులొచ్చాయి. ఎవరి కోసం ఈ పంతాలని చెప్పుకున్నారో, వాళ్ళే మధ్యలో నలిగారు.

1961 డిసెంబరు 18న భారత సేనలు కదిలాయి. చివరి సైనికుడి దాకా పోరాడమని లిస్బన్ నుంచి ఆజ్ఞ. గవర్నర్ జనరల్ వస్సాలో ఇ సిల్వా ఆ ఆజ్ఞను పక్కన పెట్టి 19న లొంగిపోయాడు. సలాజార్ అతణ్ణి క్షమించలేదు. గోవా ప్రజలకు అతడు చేసిన మేలు ఆ లొంగుబాటే అని నాకనిపిస్తుంది. ఆ నెలాఖరుకల్లా గోవా పోస్టాఫీసుల్లోకి భారత బిళ్ళలు వచ్చాయి. పాతవి జనవరి తొలి రోజుల దాకా చెల్లాయి. అలా నాలుగున్నర శతాబ్దాల పాలన పోస్టాఫీసు కౌంటరు దగ్గర కొద్ది రోజుల్లో ముగిసింది.

ఇక ఢిల్లీ వంతు. 1964 చివర్లో రెండు పెద్ద సందర్భాలు కలిసొచ్చాయి. బొంబాయిలో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ, గోవాలో విమోచన తర్వాత తొలి దర్శన ఉత్సవం. డిసెంబరు 2న పోప్ ఆరో పాల్ బొంబాయిలో దిగాడు. భారతదేశంలో కాలుపెట్టిన తొలి పోప్ ఆయనే. అదే రోజు భారత తపాలా శాఖ 15 పైసల బిళ్ళ విడుదల చేసింది. దాని మీద ఉన్నది జేవియర్ కాదు, పునీత తోమా. ఇటలీలోని ఒర్తోనా కథెడ్రల్ విగ్రహం చూసి గీసిన బొమ్మ. ఏసుక్రీస్తు శిష్యుడు తోమా మొదటి శతాబ్దంలోనే కేరళకు వచ్చాడని నమ్మకం. అంటే గామాకు పద్నాలుగు వందల ఏళ్ళ ముందు. బిళ్ళను ఎంపిక చేసినవాళ్ళు ఏమనుకున్నారో గానీ, ఆ ఎంపికలోనే ఒక జవాబు ఉందని నేననుకుంటాను: క్రైస్తవం ఈ దేశానికి పోర్చుగీసు ఓడ ఎక్కి రాలేదు. విమోచనకు మూడేళ్ళు కూడా నిండలేదు. లిస్బన్ ఇంకా గోవాను తనదిగానే లెక్క రాసుకుంటోంది. ఆ సమయంలో జేవియర్ బొమ్మ వేస్తే ఎవరి బాకా ఊదినట్టవుతుంది?

తర్వాత పదేళ్ళలో గోవా తన కాళ్ళ మీద తాను నిలబడింది. మహారాష్ట్రలో కలవాలా వద్దా అని 1967 జనవరిలో ఓటు పెడితే వద్దంది. 1973లో తొలి ముఖ్యమంత్రి బందోడ్కర్ పోతే ఆయన కూతురు శశికళ కాకోడ్కర్ పగ్గాలు పట్టింది. ఆ ఏడాది జూలై 3న, తోమా పండుగ రోజునే, ఆయన మరణించి పంతొమ్మిది శతాబ్దాలైందని ఇంకో బిళ్ళ వచ్చింది. జేవియర్ మాత్రం ఇంకా వరుసలో నిలబడే ఉన్నాడు.

1974 ఏప్రిల్ 25 తెల్లవారుజామున లిస్బన్ వీధుల్లోకి సైనికులు వచ్చారు. జనం వాళ్ళ తుపాకుల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. సలాజార్ అప్పటికే చనిపోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు అతడు కట్టిన రాజ్యమూ పడిపోయింది. కొత్త ప్రభుత్వానికి వలసల బరువు అక్కర్లేదు. ఢిల్లీతో మాటలు మొదలయ్యాయి.

ఆ శీతకాలంలోనే గోవాలో దర్శన ఉత్సవం. నవంబరు చివర్లో మొదలై జనవరి తొలి వారం దాకా నడిచింది. డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందు రోజు, జేవియర్ ఉత్సవం బిళ్ళ విడుదలైంది. విలువ 25 పైసలు. బొమ్మ గోవాలోని ఆయన పేటిక మందిరం. నాసిక్ ముద్రణాలయంలో అచ్చయిన ఆ బిళ్ళ మీద పోర్చుగీసు మాట ఒక్కటీ లేదు. 1931లో ఏ సమాధి మీద లిస్బన్ తన హక్కు రాసుకుందో, అదే సమాధి ఇప్పుడు భారత్ అన్న పేరుతో ఊరూరా ఉత్తరాల మీద తిరిగింది. పండుగకు ఆతిథ్యమిచ్చే ఇల్లు మారింది. పేటికకు పూలు తెచ్చే చేతులు మాత్రం గోవా వాళ్ళవే.

వారం తిరిగేసరికి, డిసెంబరు 31న, పోర్చుగల్ విదేశాంగ మంత్రి మారియో సోరెస్ న్యూఢిల్లీకి వచ్చి యశ్వంత్‌రావ్ చవాన్‌తో ఒప్పందం మీద సంతకం చేశాడు. గోవా, డామన్, డయ్యూ, దాద్రా నగర్ హవేలీ భారతదేశానివేనని పోర్చుగల్ ఒప్పుకుంది. ఆ పేటిక చుట్టూ జనం తోసుకుంటున్న రోజుల్లోనే ఆ కాగితం మీద సిరా ఆరింది. బిళ్ళ తేదీకీ సంతకం తేదీకీ ముడి పెట్టి ఎవరో పథకం వేశారని నేను చెప్పను. ఉత్సవానికి ముహూర్తం పెట్టింది చర్చి, విప్లవానికి ముహూర్తం పెట్టింది లిస్బన్ సైనికులు. అయితే 1964లో తోమాను ముందు పెట్టిన ఢిల్లీకి 1974 నాటికి జేవియర్ అంటే జంకు లేదన్నది మాత్రం ఆ 25 పైసల బిళ్ళలో కనిపిస్తుంది. ఆ ఉత్సవం ఆగలేదు. పదేళ్ళకోసారి సాగుతూ, 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా మళ్ళీ జరిగింది.

ఒప్పందంలో గోవా పక్కన నాలుగో పేరు ఒకటి ఉంది చూశారా, దాద్రా నగర్ హవేలీ. మన కథ మళ్ళీ సూరత్ వైపు, దక్షిణ గుజరాత్ అడవుల్లోకి మళ్ళేది దాని వెంటే. 1954లో అక్కడి పోర్చుగీసు పోలీసులను వెళ్ళగొట్టిన కుర్రాళ్ళకు, చేతిలో దొరికిన గోవా బిళ్ళలు ఏం చేయాలో తోచలేదు. వాటి మీదే విముక్త ప్రాంతాలు అన్న ముద్ర కొట్టి ఉత్తరాలు పంపారు. ఆ చిన్న ముక్క నేల ఏ దేశంలోనూ చేరకుండా ఏడేళ్ళు ఉంది. చివరికి 1961 ఆగస్టులో భారతదేశంలో కలపడానికి ఒక ఐఏఎస్ అధికారిని ఒక్క రోజు ప్రధానమంత్రిని చేయాల్సి వచ్చింది. ఆ అధికారి కథ, ఆ ముద్ర కథ వచ్చే భాగంలో.